మూడో వించ్

డోవర్‌లో తాడు విప్పేటప్పుడు నా గంటకి ఒక ధర.
తెల్ల కొండలు మసకబారే చోట ఇంకో ధర.
నడుమ ఎక్కడో, ఏ అలమీదో
చట్టం దిగిపోతుంది,
టిక్కెట్టు లేని ప్రయాణికుడిలా
చప్పుడు చేయకుండా.

ఆ చోటు చూద్దామని ఒకసారి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాను.
నీళ్ళమీద గీత లేదు.
బోయా ఒకటి పచ్చగా ఊగుతోంది, అంతే.
బోసన్ కేకేశాడు:
క్రిసాంతో, సముద్రాన్ని చూడ్డానికి జీతమివ్వరు.
నిజమే. తుడవడానికే ఇస్తారు, అదీ కొంచెం.

నా గది పద్నాలుగు. కిటికీ లేదు.
బీరువా తలుపు లోపలివైపు ఎవరో పెన్సిల్‌తో రాసిపెట్టారు:
మూడో వించ్ బ్రేకు జారుతుంది. వేళ్ళు జాగ్రత్త.
కలే వైపు నుంచి గాలి వీస్తే వెనకతాడు ముందు.
వంటగదిలో మేవిస్‌ని అడిగితే రెండో గుడ్డు ఇస్తుంది.
కింద, డి. పిల్చర్, ఇరవై రెండేళ్ళు.

మేవిస్ లేదు. రెండో గుడ్డూ లేదు.
వించ్ మాత్రం ఉంది.
మొదటి వారమే జారింది.
నా చెయ్యి అప్పటికే వెనక్కొచ్చేసింది,
నేనెన్నడూ చూడని మనిషి
మణికట్టు పట్టి లాగినట్టు.

పిల్చర్‌ని ఎలా పంపారో
రేవులో నూనె నింపే ముసలాయన చెప్పాడు.
పొద్దున్నే అందర్నీ మెస్‌లో కూర్చోబెడితే
టీవీలో కోటు వేసుకున్నాయన ఎవరో మాట్లాడాడట.
నాలుగు నిమిషాలు.
టీ చల్లారేంతసేపు కూడా కాదు.
ఇరవై రెండేళ్ళు అందులోనే పట్టాయి.
బయట వ్యాను ఆగి ఉందట, లోపల మాలాంటివాళ్ళు,
ఒళ్ళో సంచులు. ఎవరి పనికి వచ్చారో వాళ్ళకెవరూ చెప్పలేదు.
నేను ఆ వ్యానులో లేను. తర్వాతి దాంట్లో వచ్చాను.
ఇది తప్పించుకునే మాటని నాకు తెలుసు.

శుక్రవారాలు గేటు దగ్గర వాళ్ళు నిలబడతారు,
చేతుల్లో అట్టలు, వానకి కారిపోయే అక్షరాలు.
మా బస్సు వాళ్ళని రాసుకుంటూ పోతుంది.
ఒకామె అద్దం మీద అరచెయ్యి ఆనించింది.
కొట్టలేదు. ఆనించింది.
తిట్టో దీవెనో తేల్చుకునేలోపు
బస్సు మలుపు తిరిగింది.

మా నాన్న ఇలోయిలో రేవులో పంపుబోటు మీద పనిచేశాడు.
అవతలి ఒడ్డు గిమరాస్, పావుగంట.
బోటు నిండితే కూలి, నిండకపోతే నాలుగు చేపలు.
యజమాని ఆ మాట మొహం మీదే చెప్పేవాడు,
మొహం ఉండేది కాబట్టి.
ఇక్కడ నా కాగితం ఒక దేశంలో పుట్టింది,
జెండా ఇంకో దేశానిది,
ఏజెన్సీకి మూడో దేశంలో ఒక ఉత్తరాల పెట్టె.
ఎవర్ని నిలదీయాలన్నా ముందు పాస్‌పోర్టు కావాలి.
అది కెప్టెన్ సొరుగులో ఉంది.

కొత్త చట్టం వస్తోందట.
ఏడాదికి ఇన్నిసార్లు రేవు తాకే ఓడలో
కూలి ఇంతకు తగ్గకూడదట.
మేం వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాం, అన్నం చల్లారిపోయింది.
సెకండ్ ఇంజనీరు నవ్వాడు.
రేటు పెంచితే మనుషుల్ని తగ్గిస్తారు,
లేదా ఇంటికెళ్ళే తేదీని వెనక్కి జరుపుతారు.
ఓడల్లో కనీసం అన్నదానికి కింద కూడా
ఒక అంతస్తు ఉంటుందిరా, అని
ఇంజను గదిలోకి దిగిపోయాడు.

నా ఒప్పందం మార్చి పదో తారీకు దాకా.
తర్వాత ఈ మంచం ఎవరిదో నాకు చెప్పరు,
వాడికి నా పేరు చెప్పరు.
జీతం సంగతి ఎవరితోనూ అనకూడదని ఏడో పేజీలో ఉంది.
అనను.

నిన్న అర్ధరాత్రి డ్యూటీ దిగి
బీరువా తెరిచి, పిల్చర్ కింద ఖాళీలో
మూడో వించ్ ఇంకా జారుతూనే ఉంది అని రాశాను.
దాని కింద, గంటకి ఎంతో.
రెండంకెలు. కొండలు కనబడేటప్పటిది ఒకటి,
కనబడనప్పటిది ఒకటి.
మొన విరిగింది.
వంటకత్తితో చెక్కి, పెన్సిల్ని
సంచిలో వేసుకోకుండా
పై అరలోనే పెట్టాను.